సెక్టార్ 62 నుంచి సిత్వే దాకా

నోయిడా సెక్టార్ 62లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. వాటి మధ్య, ఆ దారిన పోయేవాళ్ళు పెద్దగా పట్టించుకోని ప్రభుత్వ భవనం ఒకటుంది. పేరు నేషనల్ సెంటర్ ఫర్ మీడియం రేంజ్ వెదర్ ఫోర్‌కాస్టింగ్. రాబోయే పది రోజుల దాకా గాలి ఎటు వీస్తుందో, వాన ఎక్కడ కురుస్తుందో, సముద్రంలో ఏది బలపడుతుందో లెక్కగట్టడం ఇక్కడి శాస్త్రవేత్తల పని. భూగోళం చుట్టూ ఉన్న గాలిని పన్నెండు కిలోమీటర్ల గళ్ళుగా విడగొట్టి, ప్రతి గడిలోనూ వేడి, తేమ, ఒత్తిడి, గాలివేగం గంటగంటకూ ఎలా మారతాయో కంప్యూటర్ చేత లెక్క కట్టిస్తారు. ఒక్క లెక్కతో ఊరుకోరు. తొలి కొలతల్ని కాస్త అటూ ఇటూ మార్చి ఇరవైకి పైగా లెక్కలు వేయిస్తారు. అన్ని లెక్కలూ తుపానును ఒకే తీరానికి తీసుకుపోతే నమ్మకం పెరుగుతుంది. తలా ఒక దిక్కుకు పోతే ఇంకా కాచుకుని చూడాలన్నమాట. ఈ పనికోసం 2018 జనవరిలో ఇక్కడికి మిహిర్ అనే సూపర్ కంప్యూటర్ వచ్చింది. 2024 సెప్టెంబరులో దానికంటే దాదాపు మూడు రెట్ల సామర్థ్యం ఉన్న అరుణిక వచ్చింది.

ఈ ఆవరణలోనే మరో కేంద్రం ఉంది. బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాల కూటమి బిమ్స్‌టెక్ తరఫున పనిచేసే వాతావరణ కేంద్రం అది. దాన్ని భారతదేశంలో పెట్టాలన్న ఒప్పందం మీద 2014 మార్చిలో సంతకాలు జరిగింది మయన్మార్ రాజధాని నేపిడాలో. తుపాను హెచ్చరికల ఏర్పాటు ఇంకా పాతది. భారత వాతావరణ శాఖ ఢిల్లీ కార్యాలయం ఉత్తర హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న 13 దేశాలకు తుపాను సమాచారం పంపుతుంది. ఆ పదమూడింటిలో మయన్మార్ ఒకటి, యెమెన్ ఒకటి. అంతర్యుద్ధంలో నలుగుతున్న రెండు దేశాల తీరాలకు ముప్పు కబురు బయల్దేరేది మన రాజధాని ప్రాంతం నుంచే.

సెక్టార్ 62 నుంచి సుమారు పదిహేను కిలోమీటర్లు పోతే ఓఖ్లా బ్యారేజీ వస్తుంది. యమునకు ఈవల నోయిడా, ఆవల ఢిల్లీలోని కాళింది కుంజ్, మదన్‌పూర్ ఖాదర్. ఆ ఒడ్డునే మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాల గుడిసెలున్నాయి. ఏ దేశానికి హెచ్చరిక పంపుతున్నామో ఆ దేశం నుంచి దిక్కులేక వచ్చినవాళ్ళు హెచ్చరిక తయారయ్యే చోటికి ఇంత దగ్గర్లో బతుకుతున్నారు. తుపాను ఎప్పుడు వస్తుందో శాస్త్రం చెప్పగలుగుతున్నప్పుడు ఇంకా ఇంతమంది ఎందుకు చనిపోతున్నారన్నదే ఈ అధ్యాయంలో మనం చూడబోయే విషయం.

ముందు సముద్రం సంగతి చూద్దాం.

ప్రపంచంలో పుట్టే తుపానుల్లో బంగాళాఖాతానివి కొద్ది వంతే. అయినా చరిత్రలో అత్యధికంగా ప్రాణాలు తీసిన తుపానుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. దానికి కారణాలు ఈ సముద్రపు ఆకారంలోనూ నీళ్ళలోనూ ఉన్నాయి. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీరు ఉప్పునీటికంటే తేలిక కాబట్టి పైనే పలచని పొరగా నిలుస్తుంది. కాగిన పాల మీద మీగడ కట్టి లోపలి వేడిని ఆపినట్టు, ఈ పొర కిందా మీదా నీళ్ళను కలవనివ్వదు. మామూలుగా అయితే తుపాను గాలి సముద్రాన్ని చిలికి అడుగునున్న చల్లని నీటిని పైకి తెస్తుంది, ఆ చల్లదనంతో తన బలం తానే కొంత పోగొట్టుకుంటుంది. బంగాళాఖాతంలో ఆ చిలుకుడు లోతుకు పోదు. పై నీరు వెచ్చగానే ఉండి తుపానుకు మేత పెడుతూ ఉంటుంది. దీనికి తోడు ఉత్తరానికి పోయేకొద్దీ సముద్రం ఇరుకవుతుంది, తీరం దగ్గర లోతు తగ్గుతుంది. గాలి తోసుకొచ్చిన నీటికి పక్కలకు పోయే దారి ఉండదు, కిందికి దిగే లోతు ఉండదు. అది ఊళ్ళ మీదికి లేస్తుంది. మన కోస్తాలో ఉప్పెన అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

భూమి వేడెక్కుతున్నకొద్దీ ఈ సహజ స్థితి మీద మూడు మార్పులు వచ్చి పడుతున్నాయి. గాలి వేడి ఒక డిగ్రీ పెరిగితే అది పట్టుకోగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. అంటే అదే తుపాను ఇప్పుడు ఎక్కువ వాన కురిపిస్తుంది. 1901కీ 2018కీ మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. కాబట్టి ఉప్పెన ఇప్పుడు ఆ మేరకు పైనుంచే మొదలవుతుంది. చదునైన డెల్టాలో ఆ ఎత్తుకే ఉప్పునీరు ఎంతో దూరం పొలాల్లోకి పోతుంది. మూడోది తుపానుల బలం. మొత్తం తుపానుల సంఖ్య పెరిగిందని గట్టిగా చెప్పలేం. అయితే గత నాలుగు దశాబ్దాల్లో బాగా బలమైన తుపానుల వాటా ప్రపంచమంతటా పెరిగి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు బృందం ఐపీసీసీ ఆరో నివేదిక తేల్చింది. అవి చూస్తుండగానే బలపడిపోవడం మరో చిక్కు. నిన్న పొద్దున వాయుగుండంగా చూసినదాన్ని ఎల్లుండికి పెను తుపానుగా ఎదుర్కోవాల్సి వస్తే, ఊరు ఖాళీ చేయించడానికి మిగిలే గంటలు తగ్గిపోతాయి.

ఆ గంటల్ని కాపాడుకోవడం ఎలాగో మన తీరానికి తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. ప్రభుత్వ లెక్కల్లోనే మృతులు పదివేల దగ్గర. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం నగరం మీదుగానే తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది, నగరంలో చెట్టన్నది మిగల్లేదు, రోజుల తరబడి కరెంటు లేదు. అయినా ఆంధ్రప్రదేశ్‌లో ప్రాణనష్టం వందకు లోపే. ఈ రెండు తేదీల మధ్య సముద్రం మెత్తబడలేదు. రాడార్లు, ఉపగ్రహాలు వచ్చాయి. తుపాను షెల్టర్లు కట్టారు. కలెక్టర్ మొదలుకొని ఊరి రెవెన్యూ సిబ్బంది దాకా ఎవరేం చేయాలో రాసుకున్నారు. దండోరా వేశారు, పోలీసుల చేత బలవంతంగానైనా బస్సులెక్కించారు. అన్నిటికంటే ముఖ్యం, బస్సెక్కినవాడికి తిరిగి వచ్చి తన ఇంటి నేల మీద నిలబడతానన్న నమ్మకం ఉంది. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి. మయన్మార్‌లో లేనిది అదే.

2008 మే 2న నర్గీస్ తుపాను ఇరావతి డెల్టాను తాకింది. తీరం దాటడానికి 48 గంటల ముందే అది ఎక్కడ, ఎంత బలంతో దాటబోతోందో మయన్మార్‌కు తెలియజేశామని భారత వాతావరణ శాఖ అప్పట్లో ప్రకటించింది. డెల్టాలో చనిపోయినవాళ్ళు, గల్లంతైనవాళ్ళు కలిసి దాదాపు 1,38,000 మంది. మడ అడవులు కొట్టేసి పొలాలు, రొయ్యల చెరువులు చేసిన చోట అలకు అడ్డమే లేకపోయింది. ఊళ్ళలో షెల్టర్లు లేవు. ఆనాడు దేశాన్ని ఏలుతున్నది సైనిక ప్రభుత్వం. శవాలు ఇంకా కాలువల్లో తేలుతుండగానే మే 10న కొత్త రాజ్యాంగం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. బాగా దెబ్బతిన్న ప్రాంతాలకు మాత్రం రెండు వారాల గడువిచ్చింది. విదేశీ సహాయ బృందాలు వీసాల కోసం పక్క దేశాల్లో పడిగాపులు పడ్డాయి. మూడు వారాల తర్వాత ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ స్వయంగా వెళ్ళి అడిగితేగాని వాళ్ళను దేశంలోకి రానిస్తామని మాట రాలేదు. తుపానుకు చిక్కకుండా బతికినవాళ్ళలో ఆ మూడు వారాల్లో మంచినీళ్ళు, మందులు లేక ఎందరు పోయారన్నది తుపాను లెక్కలోకి రాదు.

పదిహేనేళ్ళ తర్వాత వచ్చిన మోఖా సంగతి ఇంకాస్త దగ్గరగా చూడాలి.

2023 మే 8న ఆగ్నేయ బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడింది. మే 11 ఉదయానికి తుపాను అయింది. యెమెన్ ఇచ్చిన జాబితాలోంచి దానికి మోఖా అని పేరొచ్చింది. మరో రెండు రోజుల్లోపే అత్యంత తీవ్ర తుపాను స్థాయికి చేరింది. మే 14 మధ్యాహ్నం రఖైన్ రాజధాని సిత్వే దగ్గర గంటకు 180 నుంచి 190 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది. దారి గురించి అంచనాలు బాగానే కుదిరాయి. బంగ్లాదేశ్, మయన్మార్ సరిహద్దు తీరానికి ముప్పుందని రోజుల ముందే తెలుసు.

సిత్వే శివార్లలో, సముద్రానికి చేరువగా, పల్లపు నేలలో రోహింగ్యాల శిబిరాలున్నాయి. 2012లో జరిగిన మతఘర్షణల్లో ఇళ్ళు తగలబడిపోయినవాళ్ళను అక్కడికి తరలించారు. వెదురు తడికెలతో పొడుగాటి ఇళ్ళు కట్టారు. ఒక్కో ఇంట్లో ఎనిమిది కుటుంబాలకు ఎనిమిది గదులు. రెండేళ్ళు నిలిస్తే చాలన్న లెక్కన కట్టినవవి. మోఖా వచ్చేనాటికి పదకొండేళ్ళు కావస్తోంది. తడికెకు తడికె కట్టి, కుళ్ళిన వెదురు తీసి కొత్తది దూర్చి, పైన బరకం పరచి నెట్టుకొస్తున్నారు. శిబిరం దాటి పోవాలంటే అనుమతి కాగితం కావాలి, దారిలో చెక్‌పోస్టులు, ప్రతిచోటా డబ్బు. 1982 పౌరసత్వ చట్టం వాళ్ళను దేశస్థులుగా లెక్కించదు. ఇలాంటి చోటికి తుపాను వస్తోందన్న కబురు వచ్చినప్పుడు మనిషి ఏమనుకుంటాడు? పోలీసు వచ్చి ఖాళీ చేయమంటే, ఇది తుపాను కోసమా, ఉన్న ఈ గుడిసె కూడా లాక్కోవడానికా అనే అనుమానం ముందుగా వస్తుంది. ఒకసారి ఊరు వదిలితే తిరిగి ఊరు దక్కలేదు కదా. పోదామన్నా అందరికీ సరిపడా గట్టి కట్టడం దగ్గర్లో లేదు. కొందరు మసీదుల్లోకి, బడుల్లోకి పోయారు. చాలామంది ఆగిపోయారు.

సైనిక ప్రభుత్వం ప్రకటించిన మృతుల సంఖ్య 145. అందులో 117 మంది రోహింగ్యాలేనని అదే ప్రకటన చెప్పింది. అసలు సంఖ్య అంతకు ఎన్నో రెట్లని ప్రతిపక్షాలు, స్థానికులు అన్నారు. ఆ సంఖ్యలు ప్రచురించిన వార్తాసంస్థల మీద కేసులు పెడతామని ప్రభుత్వం బెదిరించింది. మయన్మార్ నౌ పత్రికకు ఫొటోలు తీసే సాయ్ జా థైకే తుపాను అనంతర పరిస్థితి చూడడానికి సిత్వే వెళ్తే పట్టుకుని జైల్లో పెట్టారు. ఆ సెప్టెంబరులో ఇరవై ఏళ్ళ శిక్ష వేశారు. శవాలు లెక్కించడమే నేరమైన చోట, వచ్చే తుపానుకు ఎన్ని షెల్టర్లు కావాలో ఎవరు లెక్క వేస్తారు? విపత్తుల శాస్త్రం నిలబడేదే గతసారి నష్టాల లెక్క మీద.

కథ అక్కడితో అయిపోలేదు. మే మూడో వారం నుంచి సహాయ సంస్థలు బరకాలు, బియ్యం, నీళ్ళ బిందెలు పట్టుకుని ఊళ్ళకు చేరుతున్నాయి. వానాకాలం తరుముకొస్తోంది. జూన్ రెండో వారంలో రఖైన్ అంతటా సహాయ సంస్థల ప్రయాణ అనుమతులన్నీ ప్రభుత్వం ఒక్కసారిగా ఆపేసింది. తుపాను గాలి ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. పైకప్పు లేకుండా వానలో గడిపింది ఒక కాలమంతా.

నాఫ్ నదికి అవతల, బంగ్లాదేశ్‌లోని కాక్స్‌బజార్ శిబిరాల్లో ఉన్నదీ ఈ ప్రజలే. 2017 ఆగస్టులో రఖైన్‌లో సైనిక దాడులు మొదలయ్యాక ఏడు లక్షల మందికి పైగా అక్కడికి పారిపోయారు. మొత్తం పది లక్షలకు పైగా ఉంటారు. వాళ్ళవీ వెదురు, బరకం గుడిసెలే, అవీ చెట్లు నరికేసిన మట్టిగుట్టల మీద. బంగ్లాదేశ్‌కు 1970, 1991 తుపానులు నేర్పిన పాఠాలు ఎన్నో ఉన్నాయి. ఆ దేశపు తుపాను సన్నద్ధత కార్యక్రమంలో వాలంటీర్లు ప్రమాదం పెరిగేకొద్దీ ఒకటి, రెండు, మూడు జెండాలెగరేస్తారు, మెగాఫోన్లు పట్టుకుని గుడిసె గుడిసెకూ తిరుగుతారు. శిబిరాల్లో ఆ పనికి రోహింగ్యా యువతీ యువకులకే శిక్షణ ఇచ్చారు. తమ భాషలో, తమవాడు చెబితే జనం కదులుతారు. మోఖాకు అక్కడ వేల గుడిసెలు దెబ్బతిన్నాయిగాని ప్రాణనష్టం దాదాపు లేదు. న్యాయంగా ఒక మాట చెప్పాలి. తుపాను కన్ను సిత్వే వైపే పోయింది, కాక్స్‌బజార్‌కు తగిలింది అంచు గాలి. కాబట్టి రెండు ఒడ్ల తేడా మొత్తాన్ని ఏర్పాట్లకే కట్టబెట్టలేం. అయినా తుపాను కబురు నమ్మదగిన నోటి నుంచి వినడానికీ, తుపాకీ పట్టుకున్నవాడి నోటి నుంచి వినడానికీ ఉన్న తేడా మాత్రం ఈ రెండు ఒడ్ల మధ్య స్పష్టంగా కనిపిస్తుంది.

తెలుగువాళ్ళకు ఈ తీరం కొత్తది కాదు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి, విశాఖ, భీమునిపట్నం నుంచి ఓడలెక్కి పొట్టచేత పట్టుకుని రంగం, అంటే బర్మాకు, పోయినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. రంగూన్ రేవులో మూటలు మోసిందీ, బియ్యం మిల్లుల్లో ధాన్యం తూర్పారబట్టిందీ ఎక్కువగా వాళ్ళే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులు. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1930 మేలో రేవు కూలి దగ్గర తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య చెలరేగిన తగువు నెత్తుటి అల్లర్లుగా మారింది. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడగానే లక్షలమంది ఇంటిదారి పట్టారు. ఓడల్లో చోటు దొరికింది కొద్దిమందికే. 1942 తొలి నెలల్లో నాలుగైదు లక్షల మంది నడిచే వచ్చారని అంచనా. ఒక దారి ప్రోమ్ నుంచి కొండలు దాటి టౌంగుప్, అక్కడి నుంచి అరకాన్ తీరం వెంట అక్యాబ్, చిట్టగాంగ్. అరకాన్ అంటే ఇప్పటి రఖైన్, అక్యాబ్ అంటే ఇప్పటి సిత్వే. మరో దారి తమూ మీదుగా మణిపూర్‌కు. ఇంకా ఉత్తరాన హుకాంగ్ లోయ మీదుగా అస్సాంకు. మే నెలలో నైరుతి వానలు పట్టుకున్నాయి. అప్పటికి ఇంకా హుకాంగ్ దారిలో ఉన్నవాళ్ళు మోకాలి లోతు బురదలో, వాగులు పొంగి, జలగలతో, మలేరియాతో, విరేచనాలతో వేలల్లో రాలిపోయారు. వాన ప్రతి ఏడాదీ వచ్చేదే. యుద్ధం వాళ్ళను ఇంటి కప్పు కిందినుంచి ఈడ్చుకొచ్చి ఆ వానలో నిలబెట్టింది. తర్వాత 1962లో నె విన్ సైనిక పాలన, ఆపై దుకాణాల జాతీయీకరణ వచ్చాక మళ్ళీ లక్షన్నరకు పైగా భారతీయులు తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు అలా పుట్టిందే. ఆ పేటలో పెరిగినవాళ్ళకు కాళింది కుంజ్ గుడిసెల సంగతి ఎవరూ వివరించనక్కర్లేదని నా నమ్మకం. ఒక్క తేడా ఉంది. బర్మా క్యాంపువాళ్ళకు తిరిగి రావడానికి ఒక దేశం ఉండింది.

ఈ అధ్యాయాన్ని తుపానుల దగ్గరే ఆపేస్తే తప్పుడు చిత్రం ఇచ్చినట్టవుతుంది. తుపాను కంటికి కనిపించే దెబ్బ. ఎండ, ఆకలి కనపడకుండా కొడతాయి. 2024 ఏప్రిల్ 28న మధ్య మయన్మార్‌లోని చౌక్ పట్నంలో 48.2 డిగ్రీలు నమోదైంది. ఆ దేశంలో ఏప్రిల్ నెలకు అంత ఎండ రికార్డుల్లో లేదు. ఎండ కాచినప్పుడు మనిషిని కాపాడేవి మంచినీళ్ళు, నీడ, కరెంటు, దగ్గర్లో ఆస్పత్రి. 2021 ఫిబ్రవరి 1 సైనిక తిరుగుబాటు తర్వాత చెలరేగిన అంతర్యుద్ధంలో కరెంటు రోజుకు కొన్ని గంటలకు పడిపోయింది. వైద్య సిబ్బంది వేలమంది ప్రభుత్వాసుపత్రులు వదిలేశారు. 30 లక్షల మందికి పైగా దేశంలోపలే ఇళ్ళు విడిచి అడవుల్లో, బరకాల కింద తలదాచుకున్నారు. మన కోస్తాలో, తెలంగాణలో మే నెల ఎండకు ఇంట్లో తలుపులు మూసుకుని కూర్చోమంటాం. మూసుకోవడానికి తలుపు లేనివాడికి ఆ సలహా దేనికి?

ఆకలి ఎలా తయారవుతుందో రఖైన్‌లో చూడవచ్చు. మోఖా పశువుల్ని చంపింది, విత్తనపు గింజల్ని తడిపింది, ఉప్పునీరు పొలాల్లోకి వదిలింది. 2023 నవంబరులో అరకాన్ ఆర్మీ అనే స్థానిక సాయుధ దళానికీ సైన్యానికీ మధ్య యుద్ధం మళ్ళీ మొదలైంది. సైన్యం రోడ్లు, నదీమార్గాలు మూసేసింది. ఎరువు లేదు, డీజిలు లేదు, కూలీలు ఊళ్ళు వదిలిపోయారు. 2024లో వాతావరణమూ సరిగా సహకరించలేదు. ఆ ఏడాది నవంబరులో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం రఖైన్ మీద ఇచ్చిన నివేదిక, 2025 మార్చి, ఏప్రిల్ నాటికి అక్కడ పండే తిండి అవసరంలో ఐదో వంతుకే సరిపోతుందనీ, 20 లక్షల మంది ఆకలిచావుల అంచున ఉన్నారనీ హెచ్చరించింది. ఒకప్పుడు అక్యాబ్ బియ్యం ఎగుమతులకు పేరుపడ్డ రేవు. ఒక ఏడు పంట పోతే రైతు అప్పు చేస్తాడు, పట్నంలో కూలికి పోతాడు, పశువునమ్ముకుంటాడు, కొడుకును వలస పంపుతాడు. యుద్ధం ఈ దారుల్ని ఒక్కొక్కటే మూసేస్తుంది. అప్పు ఇచ్చేవాడు పారిపోయాడు, పట్నానికి దారి లేదు, పశువులు చచ్చాయి, కొడుకు బయటికి వస్తే సైన్యంలోకి పట్టుకుపోతారు. వాతావరణ మార్పు కష్టాన్ని పెంచుతుందన్న మాటకు ఊరిలో అర్థం ఇది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వాతావరణ మార్పే యుద్ధాలు తెస్తోందని తేలిగ్గా అనేయడం ఈమధ్య అలవాటైంది. సిరియాలో 2011 తిరుగుబాటుకు అంతకుముందరి కరువే మూలమని 2015లో కొందరు శాస్త్రవేత్తలు రాశారు. రెండేళ్ళకే మరికొందరు ఆ వాదంలోని లింకుల్ని ఒక్కొక్కటిగా పరీక్షించి ఆధారాలు బలంగా లేవన్నారు. ఆ చర్చ ఇంకా తెగలేదు. మయన్మార్‌లో మాత్రం సందేహానికి తావు లేదు. రోహింగ్యాల ఊళ్ళు తగలబెట్టింది ఎండలు కాదు. ప్రభుత్వాన్ని కూలదోసింది ఉప్పెన కాదు. చేసినవాళ్ళ పేర్లున్నాయి, తేదీలున్నాయి. వాతావరణాన్ని అడ్డం పెట్టుకుని వాళ్ళు తప్పించుకోకూడదు. వేడెక్కిన సముద్రం చేసేది వేరే పని. పాలకులు ఎవరిని ఎక్కడ నిస్సహాయంగా పడేశారో అక్కడికే వచ్చి మళ్ళీ మళ్ళీ కొడుతుంది, అదీ వెనకటికంటే గట్టిగా. యెమెన్‌లోనూ ఇదే చూశాం. 2015 నవంబరులో, యుద్ధం మొదలైన కొన్ని నెలలకే, వారం తిరక్కుండా చపాలా, మేఘ్ అనే రెండు తుపానులు వచ్చిపడ్డాయి. చపాలా తాకిన ముకల్లా రేవు అప్పుడు అల్‌ఖైదా చేతిలో ఉంది. హెచ్చరిక అందుకుని ఊరు ఖాళీ చేయించాల్సిన ప్రభుత్వం ఆ ఊళ్ళో లేనే లేదు.

యమున ఒడ్డుకు వద్దాం. కాళింది కుంజ్ పక్కనున్న రోహింగ్యా గుడిసెలు 2018 ఏప్రిల్‌లో ఒక రాత్రి పూర్తిగా కాలిపోయాయి. 2021 జూన్‌లో మళ్ళీ కాలిపోయాయి. వెదురు, ప్లైవుడ్, ప్లాస్టిక్ బరకం, పాత బట్టలు, ఒకదానికొకటి ఆనుకున్న గోడలు. ఎండాకాలంలో అగ్గిరవ్వ చాలు. ఆ కట్టడమే ఎండను కూడా లోపలికి లాగుతుంది. బరకం ఎండకు కాగి లోపలికి వేడి కక్కుతుంది, గాలి ఆడే కిటికీ ఉండదు, పొయ్యి లోపలే. మన ఒంటిని చల్లబరిచేది చెమట ఆరడం. గాలి కదలని, తేమ నిండిన గుడిసెలో చెమట కారుతుందిగాని ఆరదు. పగటి వేడికి అలసిన ఒళ్ళు రాత్రి చల్లబడితే మర్నాటికి కోలుకుంటుంది. 2024 జూన్ మూడో వారంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌లో ఒక రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతే 35 డిగ్రీలు దాటింది. అపార్ట్‌మెంట్లలో ఏసీలు తిరిగినవాళ్ళం ఆ రాత్రిని కరెంటు బిల్లులో చూసుకున్నాం. అంతకుముందు ఏడాది 2023 జూలై 13న పాత రైలు వంతెన దగ్గర యమున 208.66 మీటర్లకు లేచి 1978 రికార్డు దాటింది. నోయిడా వైపు నది లోతట్టున ఉన్న జనం సామాన్లు మోసుకుని, పశువుల్ని తోలుకుని పుస్తా అనే కరకట్ట రోడ్డెక్కారు.

భారతదేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి ఇచ్చే శరణార్థి కార్డు ఈ రోహింగ్యాల చేతిలో ఉన్నా, చట్టం దృష్టిలో వాళ్ళు అనుమతి లేని విదేశీయులే. అందుకని వరద పరిహారం జాబితాలోనూ, వడగాడ్పుల ప్రణాళికలోనూ వాళ్ళ పేరు ఉండదు. హైదరాబాద్ బాలాపూర్ ప్రాంతంలో ఉన్న రోహింగ్యా కుటుంబాలదీ ఇదే పరిస్థితి. భద్రత గురించి ప్రభుత్వానికి ఉన్న భయాలు నేను కాదనను, వాటిని కోర్టులు చూస్తున్నాయి. కాని 45 డిగ్రీల ఎండలో మంచినీళ్ళ ట్యాంకరు పంపడానికి పౌరసత్వం తేలేదాకా ఆగాల్సిన పని లేదని గట్టిగా నమ్ముతాను.

డబ్బు సంగతీ ఇలాగే ఉంది. వాతావరణ మార్పును తట్టుకోవడానికి ప్రపంచ నిధులు ప్రభుత్వాల ద్వారా, ప్రాజెక్టు నివేదికల ద్వారా, ఆడిట్ల ద్వారా నడుస్తాయి. యుద్ధంలో ఉన్న దేశంలో ప్రభుత్వమేదో తేలదు, ఆడిటర్ ఊళ్ళోకి పోలేడు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2021లో వేసిన లెక్క ప్రకారం ప్రధాన వాతావరణ నిధుల నుంచి అత్యంత బలహీన స్థితిలో ఉన్న దేశాలకు అందింది తలసరి 2.1 డాలర్లు. స్థిరంగా ఉన్న దేశాలకు 161.7 డాలర్లు. కాలుష్యంలో ఆ బలహీన దేశాల వాటా చాలా తక్కువ. నిధులు ప్రభుత్వాలకే ఇవ్వాలన్న నియమాన్ని సడలించి స్థానిక సంఘాలకు, సరిహద్దు అవతలి సహాయ సంస్థలకు నేరుగా చిన్నచిన్న మొత్తాలు పంపే మార్గాలు కావాలి. పెద్ద వంతెనలు కట్టలేకపోయినా పది ఊళ్ళకు ఒక ఎత్తైన కాంక్రీటు బడి, ఒక్కో ఊరికి నాలుగు రేడియోలు, ఉప్పునేలలో పండే వరి విత్తనం ఆ డబ్బుతో వస్తాయి.

హెచ్చరికల విషయంలో చేయాల్సింది మన చేతిలోనే ఉంది. ఢిల్లీ నుంచి తుపాను బులెటిన్ పద్ధతి ప్రకారం నేపిడాలోని వాతావరణ శాఖకు పోతుంది. కాని రఖైన్‌లోని 17 టౌన్‌షిప్‌లలో 14 ఇప్పుడు అరకాన్ ఆర్మీ చేతిలో ఉన్నాయి. సిత్వే, క్యాక్‌ఫ్యూ లాంటి కొద్ది చోట్లే సైన్యం నిలబడింది. మ్రౌక్ ఊ, మిన్‌బ్యా, పౌక్‌తా పల్లెలకు నేపిడా మాట చేరదు, చేరినా ఎవరూ నమ్మరు. 2019 జూన్ నుంచి ఏడాదిన్నరకు పైగా ఆ రాష్ట్రంలో మొబైల్ ఇంటర్నెట్ కోసేసిన చరిత్రా ఉంది. సెక్టార్ 62లో తయారైన అంచనాను రఖైన్ భాషలో, రోహింగ్యా భాషలో, బర్మీస్‌లో రేడియో ద్వారా నేరుగా వినిపించవచ్చు. ఆకాశవాణి బర్మీస్ భాషలో విదేశీ ప్రసారాలు చేసిన సంస్థే. సరిహద్దు అవతల జెండాలెగరేయడం నేర్చిన రోహింగ్యా వాలంటీర్లకూ, సిత్వే శిబిరాల్లో ఉన్న వాళ్ళ బంధువులకూ మధ్య ఫోన్లు నడుస్తూనే ఉన్నాయి. ఆ దారినీ వాడుకోవచ్చు. ఇవన్నీ ముందే కావాలి, ఎందుకంటే బంగాళాఖాతంలో ముంగారు తుపానుల కాలం ఏప్రిల్‌లో మొదలవుతుంది, అందులో చాలావాటి మొగ్గు ఈశాన్యం వైపే.